దండలు తీసిన బండి

పిల్లలూ, కథ మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న. మెడలో పూలదండ, నొసట కుంకుమబొట్టు, పొద్దునా సాయంత్రం హారతి. ఇన్ని మర్యాదలు అందుకునే మోటారు సైకిలును మీరెక్కడైనా చూశారా? ఆయుధపూజ నాడు కాదు. ఆ ఒక్కరోజు ఎవరి బండికైనా ఆ యోగం పడుతుంది. నేనడిగేది ఏడాది పొడుగునా.

షోరూములోనా? షోరూములో బండికి తుడుపు ఉంటుంది గానీ హారతి ఉండదురా. ఇంకెవరైనా చూశారా? లేదు కదా. అయితే సర్దుకుని కూర్చోండి.

కర్నూలు వైపు నాపరాయి గనులున్నాయి. నేలలోంచి రాయిని పలకలు పలకలుగా లేపుతారు. ఇళ్ళకు కప్పూ అదే, గోడా అదే, గుమ్మం ముందు అరుగూ అదే. ఆ గనుల పక్కన ఒక చిన్న మఠం ఉండేది. మఠమంటే గోపురాలు ఊహించుకోకండి. రెండు గదులు, ఒక వేపచెట్టు, తత్వాలు పాడుకోవడానికి ఒక చావడి, అంతే.

ఆ మఠంలో మద్దిలేటి అనే మనిషి ఉండేవాడు. అతనికి లోకంలో ఉన్న బాధ ఒక్కటే. గురువు తనకు చెవిమాట చెప్పలేదు.

చెవిమాట అంటే ఏమిటో చెప్పాలి మీకు. ఆ మఠంలో ఒక పద్ధతి ఉండేది. ఎన్నేళ్ళు ఊడ్చినా, ఎన్ని తత్వాలు కంఠతా పట్టినా, అది సేవ కిందికి వస్తుంది గానీ చదువు కిందికి రాదు. ఏదో ఒకనాడు గురువు పిలిచి, ఇద్దరి తలల మీదా ఒకే తుండుగుడ్డ కప్పి, కుడిచెవిలో ఒక మాట చెప్తాడు. ఆ మాట పడ్డవాడు శిష్యుడు. అంతవరకూ వాడు మఠంలో అన్నం తినే మనిషి మాత్రమే. మద్దిలేటి మీసం మొలవని రోజుల్లో వచ్చాడు. చెవుల మీద వెంట్రుకలు నెరిసినా మాట పడలేదు.

గురువు కంబగిరి సామి. ఆయనకు ఒక నల్లటి మోటారు సైకిలు ఉండేది. గనిలో ఎవరి మీద రాయి పడినా, ఏ గుడిసెలో ఎవరికి నొప్పులొచ్చినా, కాషాయం పంచె పైకి దోపుకుని ఆ బండి మీద వెళ్ళేవాడు. మనిషిని వెనక కట్టుకుని టౌను ఆసుపత్రిలో దించి, అక్కడే మెట్ల మీద కూర్చుని తత్వం పాడుకునేవాడు. దూరాన బండి సద్దు వినిపిస్తే చాలు, గనుల దగ్గర ఆడవాళ్ళు "సామి వస్తాండాడు, ఇంక భయం ల్యా" అనుకునేవాళ్ళు.

ఒక వేసవిలో సామికి నడవాలనిపించింది. ఉత్తరానికి, ఎక్కడిదాకా అని లేదు. బయల్దేరుతూ మద్దిలేటిని పిలిచాడు.

"బండిని నిలబెట్టొద్దురా. ఎవురు ఆపదని వచ్చినా తీస్కపో. నేను తిరిగొచ్చినాక నీకు చెవిమాట చెప్తా."

అన్నాడు, వెళ్ళాడు. ఏళ్ళు గడిచాయి. గడ్డం తెల్లబడి, కాళ్ళు ఎండుకట్టెల్లా అయి, ఒకనాటి పొద్దున సామి తిరిగొచ్చాడు. మద్దిలేటి పరుగున వెళ్ళి పాదాల మీద పడ్డాడు. సామి అతన్ని లేపి, మంచినీళ్ళు తాగి, అటూ ఇటూ చూశాడు.

"నా బండేదిరా?"

మద్దిలేటి ముఖం వెలిగింది. ఈ క్షణం కోసమే కదా ఇన్నేళ్ళూ చూసింది! సామి చెయ్యి పట్టుకుని వేపచెట్టు అవతలికి తీసుకెళ్ళాడు. అక్కడ నాపరాళ్ళతో కట్టిన చిన్న మంటపం. లోపల అరుగు మీద మోటారు సైకిలు. ముందులైటుకు గంధం పూసి కుంకుమబొట్టు పెట్టారు. హేండిలుకు నిమ్మకాయల దండ. సీటు మీద పట్టుగుడ్డ. పక్కన ఆరని అఖండదీపం, పళ్ళెంలో విభూతి. పిల్లలు కలగనివాళ్ళు కట్టిన బొమ్మ ఊయలలు వెనకచక్రం పుల్లలకు వేలాడుతున్నాయి. ఆడవాళ్ళు చుట్టూ ప్రదక్షిణ చేస్తూ, వెనక పొగగొట్టం దగ్గరకు రాగానే గుప్పెడు అక్షింతలు అందులో వేసి లెంపలు వేసుకుంటున్నారు.

సామి చాలాసేపు చూశాడు.

"బాగుంది. నా బండేదిరా?"

"ఇదే గదా సామీ!"

"ఇది దేవుడు గదప్పా. నేనడిగేది బండి."

అందరూ నవ్వారు. సామి వేళాకోళం ఆడుతున్నాడనుకున్నారు. సుంకమ్మ అనే ముసలామె ముందుకొచ్చి దండం పెట్టింది. "మీ బండికి మొక్కుకుంటే నా కోడలికి కడుపు పండింది సామీ. మగపిల్లోడు."

"పేరేం పెట్టినావమ్మా?"

"బండిసామి."

"వాడన్నా నడుస్తాండాడా?" అన్నాడు సామి.

మద్దిలేటికి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది గానీ పైకి నవ్వాడు. భోజనాలయ్యాక మనసు ఆగలేదు. తుండుగుడ్డ ఉతికి, మడిచి, సామి పక్కన పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"సామీ, చెవిమాట."

"చెప్తా. నువ్వు బండి తోలు, నేను వెనక కూసుంటా. నేను పొమ్మన్న చోటికి తీస్కపో. ఆడ చెప్తా."

మద్దిలేటి అదిరిపడ్డాడు. "మీరు కూసున్న సీటు మీద నేనా? పాపం సామీ! నేను చెయ్యి కూడా గుడ్డ అడ్డం పెట్టుకోనే వేస్తా."

"అయితే నిలబడి తోలు."

"అది గాదు సామీ, అది నడవదు. శానా ఏండ్లాయె."

"నడిపిద్దాం పా," అని సామి లేచాడు.

ఆ తర్వాత జరిగింది ఆ ఊరివాళ్ళు బతికినంతకాలం చెప్పుకున్నారు.

సామి మంటపంలోకి వెళ్ళి మొదట దండలు తీసి చెట్టుకు కట్టేసిన మేక ముందు వేశాడు. మేక నిమ్మకాయల్ని వదిలేసి పూలు తినడం మొదలుపెట్టింది. తర్వాత ఊయలలు విప్పి సుంకమ్మ ఒళ్ళో పోశాడు. పట్టుగుడ్డ లాగేశాడు. ఒక్కొక్కటి తీస్తున్నకొద్దీ చుట్టూ నిలబడ్డవాళ్ళు ఒక్కొక్క అడుగు వెనక్కి వేశారు. సుంకమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, దేవున్ని దిగంబరం జేస్తాండాడే సామి!"

సామి కిక్కు రాడ్డు మీద కాలు పెట్టి నొక్కాడు. అది గోడలో పాతిన మేకులా కదలలేదు. పిస్టను పట్టేసింది. పిస్టనంటే తెలుసు కదా? సైకిలు పంపులో పైకీ కిందికీ ఆడే ముక్క లేదూ, అట్లాంటిది. ఇంజన్లో అదే ఊపిరి. చాలాకాలం ఆడకపోతే తుప్పు పట్టి గోడకు అతుక్కుపోతుంది. విడిపించడానికి నూనె కావాలి.

"నూనె తే," అన్నాడు సామి.

"మఠంలో నూనె అయిపోయింది సామీ. రేపు తెప్పిస్తా."

సామి చుట్టూ చూశాడు. వంగి, అఖండదీపం వత్తిని రెండు వేళ్ళతో నలిపి ఆర్పాడు. ప్లగ్గు ఊడదీసి, ఆ రంధ్రంలోకి ప్రమిదలోని ఆముదమంతా వంచాడు.

మంటపం కట్టిన నాటినుంచి ఆరని దీపం అది. గాలివానకు మద్దిలేటి తన వీపు అడ్డం పెట్టి కాపాడిన దీపం. అది ఆరితే ఊరికి అరిష్టమని అతనే చెప్పాడు అందరికీ. అందరూ ఆకాశంకేసి చూశారు. ఆకాశం ఎప్పటిలాగే ఉంది. ఒక కాకి అరిచింది.

"నానాల. రేపటికి వదులైతాది," అని సామి చేతులు కడుక్కున్నాడు.

మర్నాటికి పిస్టను వదులైంది. ఇక పెట్రోలు ట్యాంకు విప్పారు. మూత తియ్యగానే కుళ్ళిన వాసన గుప్పుమంది. మొక్కులవాళ్ళు అభిషేకమని మూతమీద పోసిన పాలు, నీళ్ళు సందుల్లోంచి లోపలికి దిగాయి. వాటికింద పాత పెట్రోలు. పోపు గిన్నెలో నూనె మర్చిపోతే జిగురు కట్టి గిన్నెకు అంటుకుపోతుంది చూడండి, పెట్రోలూ అంతే. పారుతున్నంతకాలమే అది పెట్రోలు. నిలవుంటే బంక. ఆ బంక సన్నటి దారుల్లో చేరి ఇంజన్ గొంతు పూడ్చేస్తుంది.

ట్యాంకులో కిరసనాయిలు, గుప్పెడు గులకరాళ్ళు పోసి సామి దాన్ని మద్దిలేటి ఒళ్ళో పెట్టాడు. "ఊపు. తుప్పు రాలాల."

మద్దిలేటి ఊపుతూ కూర్చున్నాడు. లోపల రాళ్ళు గలగలమంటున్నాయి. అతని గుండెలోనూ ఏదో గలగలమంటోంది. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఊళ్ళో ఎవరికీ తెలియనిది.

సామి వెళ్ళిన కొత్తలో మద్దిలేటి బండిని రోజూ తుడిచేవాడు. రోజూ స్టార్టు చేసేవాడు. ఒక్క తన్నుకే పలికేది. గురుపూర్ణిమ వచ్చింది. బండిని కడిగి, మొదటిసారి దండ వేసి, సీటు మీద పట్టుగుడ్డ పరిచాడు. చూసినవాళ్ళు ముచ్చటపడ్డారు. అంతలో గనిలోంచి ఇద్దరు మనుషులు పరిగెత్తుకుంటూ వచ్చారు. మౌలాలి అనే రాళ్ళు కొట్టే అతని కాలు మీద పలక జారిపడింది. ఎముక నలిగింది, నెత్తురు ఆగడం లేదు. బండి కావాలి.

మద్దిలేటి బండికేసి చూశాడు. పట్టుగుడ్డ, దండ, గంధం. దాని మీద నెత్తురోడుతున్న మనిషి. సామి కూర్చున్న చోట.

"ఇయ్యను" అనడానికి నోరు రాలేదు. "బండి చెడిపోయిందప్పా. స్టార్టు కావడం ల్యా," అన్నాడు.

వాళ్ళు ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. మఠం మనిషి కదా! వచ్చినంత వేగంగా వెనక్కి పరిగెత్తారు. మౌలాలిని ఎద్దుల బండిలో వేసుకుని టౌనుకు తీసుకెళ్ళారు. ప్రాణం దక్కింది. మోకాలి కింద కాలు దక్కలేదు.

ఆనాటి నుంచి మద్దిలేటి ఆ బండిని స్టార్టు చెయ్యలేదు. ఎట్లా చేస్తాడు? దాని సద్దు గనులదాకా వినిపిస్తుంది. చెడిపోయిందని చెప్పినవాడు దాన్ని చెడిపోయినట్టే ఉంచాలి. ఉంచాడు. ఉత్తగా మూలన పడి ఉంటే ఎవరైనా బాగు చేయిద్దామంటారు కదా? అందుకని మంటపం కట్టించాడు. దేవుణ్ణి ఎవరూ మెకానిక్కు దగ్గరకు తోసుకెళ్ళరు. పోనుపోనూ తాను చెప్పింది అబద్ధమన్నదే అతను మర్చిపోయాడు. మనసులో ఆ తలుపు వైపు వెళ్ళడం మానేశాడనుకోండి.

ఇప్పుడు ఊపుతున్న ట్యాంకులోంచి ఎర్రటి తుప్పునీళ్ళు కారుతుంటే అన్నీ గుర్తొస్తున్నాయి. లోపల్లోపల మొక్కుకున్నాడు, ఈ బండి స్టార్టు కాకూడదు తండ్రీ అని. ఎవరికి మొక్కుకున్నాడో చెప్పుకోండి చూద్దాం? అలవాటు కొద్దీ ఆ బండికే!

"సామీ, టైర్లు బీటలిచ్చినాయి," అన్నాడు.

"నిదానంగా పోదాం."

"గాలి వడకట్టే డబ్బాలో ఎలుకలు గూడు పెట్టినాయి."

"దేవునికి వాహనం దొరికినట్లే గదా. గూడు తియ్యి."

"కార్బురేటరు సామాను ఇప్పుడు దొరకదు సామీ. పాత రకం బండి."

సామి కార్బురేటరు విప్పాడు. అది ఇంజనుకు పెట్రోలును గాలితో కలిపి కొంచెం కొంచెంగా తాగించే గిన్నె. అందులో సన్నటి ఇత్తడి ముక్క, దానికి సూదిమొన అంత చిల్లు. చిల్లు పూడుకుపోయి ఉంది. సామి మఠం చీపురులోంచి ఒక పుల్ల విరిచి, చీల్చి, చీల్చినదాన్ని మళ్ళీ చీల్చి, ఆ చిల్లులో పెట్టి తిప్పాడు. ముక్కను ఆకాశానికి ఎత్తి ఒక కన్ను మూసి చూశాడు.

"ఎలుతురు కనపడతాంది. నువ్వూ చూడు."

మద్దిలేటి చూశాడు. చిల్లులోంచి మెతుకంత ఆకాశం కనిపించింది.

"ఆ గుడ్డ ఇట్లియ్యి," అన్నాడు సామి చెయ్యి చాపి.

మద్దిలేటి భుజం మీదున్నది జరీ శాలువా. మంటపానికి మొదటి వార్షికోత్సవం నాడు ఊరి పెద్దలు కప్పింది. నిద్రలో తప్ప దాన్ని భుజం మీంచి తియ్యడు. తీసి ఇచ్చాడు. సామి ఒక అంచు పళ్ళతో పట్టుకుని లాగాడు. చర్రుమంది. ఒక పేలికతో చమురు తుడిచాడు. రెండోది మద్దిలేటికి అందించాడు. "గొలుసు తుడుచు."

మద్దిలేటి నిలబడిపోయాడు. తర్వాత కూర్చుని, తన శాలువాతో తానే గొలుసు తుడిచాడు.

ఇక ప్లగ్గు. మీ అమ్మ గ్యాసు పొయ్యికి లైటరు కొడితే టిక్కుమని నిప్పురవ్వ వస్తుంది చూడండి, ఇంజనుకు ఆ పని ప్లగ్గు చేస్తుంది. దాని మొనంతా నల్లటి మసి. సామి పళ్ళెంలోంచి చిటికెడు విభూతి తీసి ప్లగ్గు తోమడం మొదలుపెట్టాడు.

సుంకమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "సామీ! అది బండిసామి విభూతి! నా మనవనికి జ్వరమొస్తే పెట్టింది!"

"బూడిద గదమ్మా. గిన్నెలు తోమవా? ఇదీ తోముతాది."

ఆమె ఏడవాలో నవ్వాలో తెలియక అక్కడే చతికిలబడింది.

అన్నీ బిగించారు. రోడ్డు పక్క అంగట్లోంచి సీసాలో పెట్రోలు తెచ్చి పోశారు. బండిని అరుగు మీంచి దించి చెట్టు కిందికి తెచ్చారు. ఊరంతా చేరింది. సామి పక్కకు జరిగాడు.

"తన్నురా."

"నేనా సామీ?"

"నా కాళ్ళు చూసినావా? నువ్వే."

మద్దిలేటి బండి ఎక్కలేదు. పక్కన నిలబడి, కిక్కు మీద పాదం ఆనించి, తులసికోటకు నీళ్ళు పోసినంత మెత్తగా నొక్కాడు. ఇంజను నిట్టూర్చింది.

"తంతాండావా, దండం పెడతాండావా?"

ఇంకోసారి. ఇంకోసారి. ప్రతిసారీ లోపల్లోపల అదే మొక్కు, వద్దు వద్దు వద్దు.

"ఎక్కి కూసోని తన్ను."

మద్దిలేటి కళ్ళు మూసుకుని కాలు పైకెత్తి సామి సీటు మీద కూర్చున్నాడు. పిడుగు పడలేదు. పడుంటే బాగుండేదనిపించింది అతనికి. ఉన్న భయమంతా పాదంలోకి చేరింది. ఒక్క ఊపున తన్నాడు.

ఢాం!

తుపాకీ పేలినట్టయింది. అన్నీ విప్పారు గానీ పొగగొట్టం సంగతి మర్చిపోయారు. ఏళ్ళ తరబడి అందులో పడ్డ అక్షింతలన్నీ మసితో, పొగతో కలిసి వెనక నిలబడ్డవాళ్ళ మీద చిమ్మాయి. సుంకమ్మ నెత్తిన పసుపు బియ్యం, ముఖాన నల్లటి మసి. ఆమె ఒక్క క్షణం కొయ్యబారి, ఠక్కున చేతులు జోడించింది.

"ఆశీర్వాదం! సామి నాకు అక్షింతలేసినాడు!"

పక్కనున్నవాళ్ళంతా ఒంగి నేల మీది గింజలు ఏరుకోవడం మొదలుపెట్టారు. సామి నుదురు కొట్టుకున్నాడు.

బండి మాత్రం ఆగలేదు. మొదట దగ్గింది, తెల్లటి పొగ కక్కింది, తర్వాత తన పాత గొంతు వెతుక్కుంది. డుబ్ డుబ్ డుబ్. చావడి నాపరాళ్ళు ఆ సద్దుకు సన్నగా అదిరాయి. మద్దిలేటి హేండిలు పట్టుకుని కూర్చున్నాడు. ఆ సద్దు పొలాల మీదుగా వెళ్ళడం అతనికి కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది.

సామి వెనక ఎక్కి భుజం తట్టాడు. "పోదాం పా."

గట్టు దాటాక దారి చీలింది. ఎడమకు టౌను. కుడికి గనులు. మద్దిలేటి అడక్కుండానే ఎడమకు తిప్పబోయాడు.

"కుడిపక్కకు."

"ఆ దారి బాగుండదు సామీ. అంతా గులక."

"తెలుసు. మొన్న నడిచొచ్చింది ఆ దారినే. ఆకలైతే ఒగరింట్లో సంగటి పెట్టినారు."

మద్దిలేటి ఎవరింట్లో అని అడగలేదు. బండి కుడికి తిరిగింది.

గనుల దగ్గర ఇళ్ళు నాపరాళ్ళు నిలబెట్టి కట్టినవి. సద్దు వినగానే ఒక్కొక్క గుమ్మంలోంచి ఒక్కొక్క తల. ఆడవాళ్ళు కొంగులు సర్దుకుంటూ బయటికొచ్చారు. "సామి బండి! సామి బండేనమ్మా!" పిల్లలు వెంట పడ్డారు.

"ఈడ ఆపు. ఇంజను ఆపొద్దు," అన్నాడు సామి.

గుమ్మం ముందు నీడలో ఒక మనిషి కూర్చుని ఉలులు సాన పెడుతున్నాడు. తలెత్తి చూశాడు. ఉలి పక్కన పెట్టి, చంకకర్ర అందుకుని లేచాడు. మోకాలి కింద లుంగీ ఖాళీగా ఊగింది.

మౌలాలి.

మద్దిలేటి ముఖం తిప్పుకోబోయాడు. అతను అప్పటికే దగ్గరకొచ్చాడు. ముఖం నిండా నవ్వు.

"మద్దిలేటన్నా! బాగైనాదా బండి! ఏమే హుసేనమ్మా, రా, చూడు, బండి బాగైనాది!"

అతని భార్య తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "అన్నా, మంచినీళ్ళు తాగుతావా? ఆ పొద్దే ఈ బండి బాగుండింటేనా... ఇంగొక గంట ముందర తెచ్చింటే కాలుండునని డాక్టరు..."

"ఊరుకోవే! మనిషొచ్చినప్పుడా ఆ మాటలు?" మౌలాలి కసిరాడు. మద్దిలేటి వైపు తిరిగి తలవంచుకున్నాడు, తప్పు తమదే అయినట్టు. "ఏమనుకోవద్దన్నా. ఆడమనిషి. ఊర్లో గూడా అప్పుడు శానామంది శానా అన్నారు. ఇచ్చేకి మనసు రాలేదని, అదని ఇదని. నేనే కొట్లాడినా వాళ్ళతో. బండి బాగుంటే మద్దిలేటన్న రాకుండా ఉంటాడా, ఎవురనుకుంటాండారు ఆ మనిషిని అని."

మద్దిలేటికి నెత్తిమీద ఎవరో నాపరాయి పెట్టినట్టుంది. మౌలాలి తిడతాడనుకున్నాడు. ఉమ్ముతాడనుకున్నాడు. దారి పొడుగునా దానికే ఒళ్ళు గట్టి చేసుకుంటూ వచ్చాడు. ఇది మాత్రం అనుకోలేదు.

మౌలాలి చంకకర్ర మీద ఒరిగి, ట్యాంకు మీద చెయ్యి వేసి, ఇంజను అదురుడును అరచేత్తో చూస్తున్నాడు. కుతూహలంగా అడిగాడు.

"అవునన్నా, అప్పుడు ఏం పోయింది దీనికి? ప్లగ్గా?"

ఇంజను డుబ్ డుబ్ మంటోంది. మద్దిలేటి మెల్లగా తల తిప్పి వెనక కూర్చున్న సామిని చూశాడు.

సామి తన తుండుగుడ్డతో మెడ మీది చెమట తుడుచుకుంటున్నాడు.

"నన్నెందుకు చూస్తావురా? అడిగింది నిన్ను."

మద్దిలేటి బండి దిగాడు. మౌలాలి ఎదుట నిలబడ్డాడు.

అంతే పిల్లలూ. ఏం చెప్పాడు, మౌలాలి ఏమన్నాడు, సామి చెవిమాట ఎప్పుడు చెప్పాడు అని నా కొంగు పట్టుకోకండి. వదలండి. చింతపండు గింజలు సగమే తీసి వచ్చాను. ఈ ఉక్కకు మిగతాది నల్లబడిపోతుంది, నేను పోవాలి.